చేతికిని యంత్రమునకును నడుమ దుబాసీ

కంప్యూటరు ముందు కూర్చుండి ఒక మీటను నొక్కుదుము. తెరపై అక్షరము కనిపించును. చేతిలోని మౌసును కొంచెము జరుపుదుము. తెరమీది బాణపు గుర్తు ఆ దిక్కునకే జరుగును. ఈ రెండును ఎంత వెనువెంట జరుగుననగా, మన చేయియే తెరలోనికి చొచ్చి ఆ పని చేసినట్లు తోచును. నిజమునకు చేతికిని తెరకును నడుమ చాల దూరము కలదు. చేతి భాష వేరు, యంత్రము భాష వేరు. రెండును ఎరిగిన దుబాసీ నడుమ లేనిచో ఒకరి మాట మరియొకరికి బోధపడదు.

దుబాసీ అను మాట మనకు క్రొత్తది కాదు. చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీ దొరలకును, ఇచ్చటి వర్తకులకును నడుమ నిలిచి బేరములు నడిపినవారు దుబాసీలు. రెండు భాషలు వచ్చినంతమాత్రమున వారి పని తీరెడిది కాదు. ఎదుటివాడు పలికిన మాటలో ఏది కోరిక, ఏది విసుగు, ఏది నోరుజారిన మాట అని కనిపెట్టవలసిన భారము కూడ వారిదే. కంప్యూటరు లోకమున అట్టి దుబాసీ యొకటి 2013వ సంవత్సరమున పుట్టినది. దాని పేరు లిబ్‌ఇన్‌పుట్. ఇది ఒక సాఫ్టువేరు లైబ్రరీ. అనగా పలు ప్రోగ్రాములు తమకు కావలసినప్పుడు పిలిచి వాడుకొనుటకు సిద్ధము చేసియుంచిన పనిముట్ల పెట్టె వంటిది. దాని చరిత్ర చిన్నదే. కాని అందులో ఒక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. నానావిధములైన పరికరముల చిక్కును ఎవరు భరింపవలెను? వాడుకొనువాడా? ప్రోగ్రాము వ్రాయువాడా? ఇరువురి పక్షమున మరియొకడా?

ఈ ప్రశ్న మొదట లేదు. 1964వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన మౌసును బిల్ ఇంగ్లిష్ తయారు చేసెను. అది చిన్న కొయ్య పెట్టె. అడుగున ఒకదానికొకటి అడ్డముగా రెండు చక్రములు అమర్చబడి యుండెను. ఒకటి నిలువు కదలికను, ఒకటి అడ్డపు కదలికను కొలిచెడిది. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ దానిని పండిత సభలో ప్రదర్శించెను. ఆ నాడు పరికరమును చేసినవారును, దాని మాటను అర్థము చేసికొను ప్రోగ్రాము వ్రాసినవారును ఒక్క ఇంటివారే. 1984లో వెలువడిన మాకింటాషు కంప్యూటరు విషయమును ఇంతే. యంత్రమును, ఒక్క బొత్తాము గల దాని మౌసును, లోపలి ప్రోగ్రాములును ఒకే కంపెనీ సృష్టి. ఒకే ఇంటిలో దుబాసీ ఎందులకు?

చిక్కు సంతలో మొదలయినది. కంప్యూటరు నొకరు, మౌసును వేరొకరు, ప్రోగ్రామును ఇంకొకరు చేసి అమ్ముకాలము వచ్చెను. ఒకే కదలికను ఒక్కొక్క మౌసు ఒక్కొక్క తీరున చెప్పసాగెను. మైక్రోసాఫ్టు వారి పద్ధతిలో ఒక కదలిక మూడు బైట్లలో వచ్చెడిది. మౌస్ సిస్టమ్స్ వారి పద్ధతిలో అదియే ఐదు బైట్లలో వచ్చెడిది. నడుమ చక్రము గల మౌసులు వచ్చిన పిదప మూడు బైట్ల పద్ధతికి నాలుగవ బైటు చేరినది.

1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అను వ్యవస్థకు ఈ చిక్కు మరింత ఎక్కువ. ఎవరి యంత్రముమీద నైనను అది పనిచేయవలెను. ఏ యంత్రమును దాని కొరకై చేసినది కాదు. తెరమీద బొమ్మలు, కిటికీలు చూపు పని, 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థయందు పుట్టిన ఎక్స్ అను వ్యవస్థ చేసెడిది. 1990లలో ఇంట లినక్స్ పెట్టుకొన్నవాడు తన మౌసు ఏ పద్ధతిలో మాటలాడునో తెలిసికొని, ఆ పేరును ఒక ఫైలులో తన చేతనే వ్రాయవలసి యుండెను. తప్పు పేరు వ్రాసినచో బాణపు గుర్తు తెర మూలకు దుమికి అచ్చటనే కొట్టుకొనుచుండెడిది. చిక్కునంతను వాడుకొనువాడే మోసిన కాలమది.

దీనికి మొదటి పరిష్కారము లినక్స్ నడిబొడ్డున, అనగా కెర్నెలునందు, జరిగినది. చెక్ దేశస్థుడు వోయ్టెక్ పావ్లిక్ అన్ని విధముల పరికరములకును ఒకే తీరు మాటను ఏర్పరచెను. 2001లో వెలువడిన 2.4 కెర్నెలులో అది ప్రవేశించి, 2003 చివర వచ్చిన 2.6 కెర్నెలులో స్థిరపడినది. ఈ మాట బహు సరళమైనది. జరిగిన ప్రతి సంగతికిని ఒక కాలము, ఒక జాతి, ఒక సంఖ్య, ఒక విలువ. కీబోర్డుమీద ఇంగ్లీషు కె అక్షరపు మీటను నొక్కితిమా, 37 అను సంఖ్యయు, 1 అను విలువయు వచ్చును. విడిచితిమా, 37 అను సంఖ్యయు, 0 అను విలువయు వచ్చును. ఆ కీబోర్డు ఏ దేశమున తయారైనను, ఏ తీగతో తగిలించినను అదే 37.

ఇంతటితో కథ ముగియవలసినదే. కీబోర్డుల విషయమున చాలవరకు ముగిసినది కూడ. కాని అంతలో టచ్‌ప్యాడు వచ్చి కూర్చున్నది. ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లయందు మీటలకు దిగువన నున్నని పలక యుండును; దానిపై వ్రేలు రాచినచో బాణపు గుర్తు కదలును. 1994లో ఆపిల్ కంపెనీ తన పవర్‌బుక్ 500 జాతి కంప్యూటర్లలో దీనిని పెట్టిన పిదప ఇది సర్వత్ర వ్యాపించెను. దీనిని చేయు కంపెనీలలో పేరుమోసిన సినాప్టిక్స్‌ను ఫెడెరికో ఫాజిన్, కార్వర్ మీడ్ అనువారు 1986లో స్థాపించిరి.

మీటకును పలకకును భేద మెక్కడ నున్నది? మీట చెప్పునది నిశ్చయమైన మాట. నొక్కబడినది, లేదా నొక్కబడలేదు. పలక అట్లు కాదు. ఈ చోట, ఇంత ఒత్తిడితో, ఏదియో తగిలినదని మాత్రమే అది చెప్పగలదు. తగిలినది చూపుడు వ్రేలా, బొటన వ్రేలా, ఉత్తరము వ్రాయునప్పుడు పొరపాటున ఆనిన అరచేయియా అన్నది దానికి తెలియదు. వ్రేలు తటాలున తాకి లేచినది. అది బొత్తాము నొక్కుటగా భావింపవలెనా, లేక వ్రేలు సవరించుకొనుటగా భావింపవలెనా? రెండు వ్రేళ్ళు కలిసి క్రిందికి జరిగినవి. పుట జరుపుమనియా, బొమ్మను పెద్దది చేయుమనియా? కెర్నెలు సంఖ్యలను అందించును. సంఖ్యల వెనుకనున్న మనస్సును చెప్పజాలదు. ఆ పాతకాలపు దుబాసీకి అసలైన పని ఎక్కడ మొదలగునో, ఇచ్చటను అక్కడనే మొదలగును.

ఎక్స్ వ్యవస్థలో ఈ పనిని టచ్‌ప్యాడుల కొరకై ప్రత్యేకించిన ఒక డ్రైవరు చేసెడిది. సినాప్టిక్స్ పేరుతోనే అది ప్రసిద్ధము. తీర్పు చెప్పలేనిచోట నెల్ల అది వాడుకొనువానికి ఒక మర పెట్టినది. ఎంత ఒత్తిడి వ్రేలు, ఎంత ఒత్తిడి అరచేయి, ఎన్ని మిల్లీసెకన్లు తాకుట, ఏ అంచున ఎంత మేర విడువవలెను అని పదుల కొలది మరలు. నేర్పరులకు అది స్వర్గము. మిగిలినవారు ఎచ్చటనో చదివిన అంకెలను తెచ్చి తమ ఫైలులో వ్రాసికొని, పని జరిగినచో సంతోషించి, జరుగనిచో ఊరకుండిరి.

ఇంతలో ఇల్లే మారవలసిన స్థితి ఏర్పడెను. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ అను ప్రోగ్రామరు, ముదిసిన ఎక్స్ స్థానమున వేలాండ్ అను క్రొత్త పద్ధతిని ఆరంభించెను. ఎక్స్ లో తెర నడుపు ప్రోగ్రాము దాదాపు ఒక్కటే. పరికరముల డ్రైవర్లు దానికే తగిలి యుండెడివి. వేలాండ్ లో అట్లు కాదు. గ్నోమ్ వారికి ఒకటి, కేడీఈ వారికి ఒకటి, ప్రయోగార్థము చేసిన వెస్టన్ అను మరియొకటి, ఇట్లు ఎవరి తెర నడుపరి వారిదే. వీటికి కంపోజిటర్లని పేరు. ప్రతి కంపోజిటరును వ్రేలెదో, అరచేయియేదో మొదటినుండి తానే నేర్చుకొనవలసినచో, ఒకే తప్పును పదిమంది పదిచోట్ల చేసి, పదిచోట్ల దిద్దవలసివచ్చును. ఇప్పుడు చిక్కు వాడుకొనువాని నెత్తినుండి దిగి ప్రోగ్రాము వ్రాయువాని నెత్తి కెక్కినది.

ఆ సమయమున, 2013లో, యోనాస్ ఓడాల్ అను ప్రోగ్రామరు వెస్టన్ లో పరికరముల మాట వినునట్టి భాగమును వేరుచేసి, ఎవరైనను వాడుకొనదగిన లైబ్రరీగా నిలిపెను. అదియే లిబ్‌ఇన్‌పుట్. అనతికాలములోనే దాని ప్రధాన భారము పీటర్ హట్టరర్ వహించెను. ఇతడు రెడ్‌హ్యాట్ కంపెనీలో పనిచేయుచు, ఆస్ట్రేలియాలో నివసించువాడు. ఒకే తెరపై పలువురు పలు మౌసులు వాడు విధానముపై దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి, ఆ ఫలమును ఎక్స్ వ్యవస్థలో చేర్చిన అనుభవశాలి. 2015 ఆగస్టులో లైబ్రరీ 1.0 సంఖ్యకు చేరెను. ఆ సంవత్సరము మే నెలలోనే వెలువడిన ఫెడోరా 22 దానిని వాడుకలోనికి తెచ్చెను. ఎక్స్ ను విడువనివారికి కూడ ఉపకరించునట్లు, దానిని ఎక్స్ కు తగిలించు చిన్న డ్రైవరు నొకదానిని చేసిరి. పాత యింటికిని, క్రొత్త యింటికిని ఒకే దుబాసీ ఏర్పడినాడు.

ఈ దుబాసీ చేయు పనులలో కొన్నింటిని చెప్పుకొందము. అరిగిన మౌసు బొత్తాము ఒక్కసారి నొక్కినను లోపలి రేకు అదరి రెండుసార్లు నొక్కినట్లు సంఖ్యలు పంపును. మనిషి వ్రేలు చేయజాలనంత స్వల్ప వ్యవధిలో వచ్చిన రెండవ నొక్కును లైబ్రరీ త్రోసిపుచ్చును. కీబోర్డుపై మనము వ్రాయుచున్నంతసేపు టచ్‌ప్యాడు చెప్పు మాటను అది చెవిని పెట్టదు. లేనిచో బొటనవ్రేలి మొదలు తగిలి, వ్రాయుచున్న వాక్యము పుట మధ్యకు ఎగిరిపోవును. ఒక అంగుళము జరిపినందులకు ఒక మౌసు 400 లెక్కలు పంపును, వేరొకటి 1600 లెక్కలు పంపును. తన లెక్క ఎంతయో మౌసు తానై చెప్పదు. అందుచే తెలిసిన మౌసుల లెక్కలను పట్టికగా వ్రాసియుంచి, అన్నింటిని అంగుళమునకు 1000 అను ఒకే కొలతకు తెచ్చెదరు. మా స్టూడియోలో మెల్లగా మాటలాడువారును ఉందురు, ఖంగుమను గొంతువారును ఉందురు. కంట్రోలు గదిలో ఇరువురి ధ్వనిని సమము చేసిన పిదపనే అది మీ యింటి రేడియోకు చేరును. ఇదియు అట్టిదే.

పరికరములు అబద్ధము చెప్పు సందర్భములును కలవు. కొన్ని టచ్‌ప్యాడులు రెండు వ్రేళ్ళు తాకినవని చెప్పును గాని, ఆ రెండు చోట్లను సరిగా చెప్పలేవు. ఆ రెంటిని చుట్టిన దీర్ఘచతురస్రపు రెండు మూలలను మాత్రమే చెప్పును. వ్రేళ్ళు ఏ మూలల నున్నవో ఊహింపవలసినదే. 2013 ప్రాంతమున వచ్చిన కొన్ని థింక్‌ప్యాడు కంప్యూటర్లలో, మీటల నడుమనుండు ఎర్రని చుక్క వంటి ట్రాక్‌పాయింటుకు చెందిన బొత్తాములను తీసివైచి, టచ్‌ప్యాడు పై అంచునే బొత్తాములుగా భావింపుమనిరి. లేని బొత్తాములను ఉన్నట్లు చూపు భారము సాఫ్టువేరుపై పడినది. 2015 నాటి నమూనాలలో ఆ బొత్తాములు మరల వచ్చినవి. కాని ఆ నడిమి కాలపు కంప్యూటర్లు ఇండ్లలో మిగిలియే యుండును గదా! వానికొరకు వ్రాసిన ఏర్పాటును లైబ్రరీ విడువలేదు. ఇట్టి వింత స్వభావములన్నింటిని 2018 నుండి ప్రత్యేకమైన ఫైళ్ళలో వ్రాసియుంచుచున్నారు. ఒక విధముగా అవి పరికరముల దోషముల జాతకచక్రములు.

ఇక వివాదము. సినాప్టిక్స్ డ్రైవరులో పదుల కొలది మరలుండగా, లిబ్‌ఇన్‌పుట్ కొద్ది మరలనే యుంచినది. బాణపు గుర్తు వేగమునకు మైనస్ 1 మొదలు 1 వరకు ఒక్క కొలత. పలకను తాకినంతనే బొత్తాము నొక్కినట్లు గ్రహింపవలెనా, వలదా అన్నది ఒకటి. ఇట్టివి మరికొన్ని. అరచేయి ఒత్తిడి ఎంత అని వాడుకొనువానిని అది అడుగదు. ఇంతకాలము తమ యంత్రమును తమ చేతికి అనుగుణముగా దిద్దుకొన్నవారు దీనిని అధికారముగా భావించి కోపించిరి. వారి కోపము నిష్కారణము కాదు. చేతులు అందరివి ఒక్కటి కావు. వణుకు చేతివారును, ఒక్క చేతివారును, వ్రేళ్ళు సరిగా వంగనివారును కలరు. సగటు మనిషికి చేసిన తీర్పు వారికి సరిపడకపోవచ్చును.

లైబ్రరీవారి వాదమును వినదగినదే. ఒక్కొక్క మరకు రెండు స్థితులే యున్నను, పది మరలకు 1024 కూర్పులగును. అన్నింటిని పరీక్షించు నాథు డెవ్వడు? పరీక్షింపని కూర్పు ఒకనాడు చెడును. చెడినదని తెలియునప్పటికి ఎవరికిని కారణము తెలియదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఒకడు తన యింట అంకెలను సవరించుకొని ఊరకున్నచో, ఆ పరికరపు దోషము వానికొక్కనికే తీరును. మర లేనందున వాడు వచ్చి ఫిర్యాదు చేసినచో, అదే పరికరము గల వారందరికిని తీరును. ఇందలి సత్యము ఇరుపక్షముల నున్నదని కాలమే చూపినది. 2023లో వెలువడిన 1.23వ సంచికలో, బాణపు గుర్తు వేగపు తీరును తామే నిర్ణయించుకొనగోరువారికి అవకాశము కల్పించిరి. దుబాసీ కూడ యజమాని మాట వినుటకు నేర్చుకొనుచునే యుండవలెను.

ఫిర్యాదును విను పద్ధతియు ముచ్చటైనది. ఎక్కడనో ఒక దేశములో ఒకని టచ్‌ప్యాడు మొరాయించినది. ఆ కంప్యూటరును ఆస్ట్రేలియాకు పంపనక్కర లేదు. లైబ్రరీతో వచ్చు ఒక పరికరము, ఆ పలక చెప్పిన సంఖ్యలన్నింటిని కాలముతో సహా వ్రాసి ఒక ఫైలుగా ఇచ్చును. దానిని అందుకొన్నవారు తమ యంత్రములో ఒక మాయా టచ్‌ప్యాడును సృష్టించి, అవే సంఖ్యలను దానిచే పలికింతురు. మనము ఒకచోట ధ్వనిముద్రణ చేసిన ప్రసంగమును వేరొకచోట వినిపించునట్లు, దూరమున నున్నవాని వ్రేలి కదలిక అచ్చట మరల జరుగును. ఇందులో ఒక మర్యాద కూడ కలదు. కీబోర్డును ఇట్లు వ్రాయించునప్పుడు, కోరిననే తప్ప, నొక్కిన అక్షరపు మీట ఏదియో అది బయటపెట్టదు. అన్నింటిని ఒకే మీటగా వ్రాయును. ఆ సమయమున ఎవడైనను తన రహస్యపు మాటను నొక్కియుండవచ్చునని వ్రాసినవారికి తెలియును.

తెలుగు వ్రాయువారికి ఈ సంగతితో సంబంధ మేమని అడుగవచ్చును. ఇన్‌స్క్రిప్ట్ అను భారతీయ పద్ధతిలో తెలుగు వ్రాయువాడు లినక్స్ కంప్యూటరుపై, ఇంతకుమున్ను చెప్పిన ఇంగ్లీషు కె మీటనే నొక్కుననుకొందము. కెర్నెలు 37 అనును. లిబ్‌ఇన్‌పుట్ ఆ సంఖ్యను మార్పులేకుండ కంపోజిటరుకు అందించును. అటుపిమ్మట మీటల పట్టికను చదువు మరియొక లైబ్రరీ, తెలుగు పట్టికను చూచి, 37 అనగా 'క' అని చెప్పును. మనము వ్రాయు 'క' ఇన్ని చేతులు మారి వచ్చును. వీనిలో ఏ ఒక్కరును తెలుగు నేర్చినవారు కారు. అయినను ఎవరి పనిని వారు సక్రమముగా చేసినందున మన అక్షరము మనకు దక్కుచున్నది. దుబాసీకి ఎప్పుడు మాటలాడవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు మాట మార్చక అందింపవలెనో తెలియుటయు అంతే ముఖ్యము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. చిక్కును ఎవరు భరించుచున్నారు? ప్రోగ్రామర్లలో ఒక మోటు లెక్క కలదు. ఎంతమంది బస్సు క్రింద పడినచో ఒక పని నిలిచిపోవునో ఆ సంఖ్యను చెప్పుకొందురు. లిబ్‌ఇన్‌పుట్ విషయమున ఆ సంఖ్య ఒకటి యని 2018లో హట్టరరే బహిరంగముగా చెప్పెను. ఇతరులు అప్పుడప్పుడు చేయి వేసినను, నిత్యభారము ఒక్కని మీదనే యున్నదని ఆ మాటకు అర్థము. గ్నోమ్, కేడీఈ మొదలగు కంపోజిటర్లన్నియు ఆనుకొన్న స్తంభమది.

చిక్కు మాయము కాలేదు, చోటు మారినది. ఒకప్పుడు ప్రతి వాడుకొనువాడును కొంచెము కొంచెముగా మోసినది, తరువాత ప్రతి ప్రోగ్రామును మోయవలసివచ్చునేమో యని భయపడినది, ఇప్పుడు ఒకచోట కుప్పబడి యున్నది. ఇది మేలే. ఒకచోట నున్న చిక్కును ఒకసారి విప్పినచో అందరికిని విప్పినట్లే. కాని ఆ చోట కూర్చుండి విప్పువారు ఎందరు, వారికి తోడు ఎవరు అని లోకము అడిగిన సందర్భములు అరుదు. బాణపు గుర్తు చెప్పినట్లు వినుచున్నంతకాలము దుబాసీ ఉన్నాడను స్మృతియే మనకు కలుగదు. కలుగకపోవుటయే అతని పనితనమునకు గుర్తు. అయినను, అరచేయి ఆనినప్పుడు వాక్యము చెదరక నిలిచిన ఏదో యొక క్షణమున, మన చేతి తప్పును ఎరిగి దానిని మాటగా భావింపనివా డొకడు నడుమ నున్నాడని తలచుకొనుట న్యాయము.